ముప్పై ఏడో పెట్టె

మొన్న మధ్యాహ్నం మా గుమ్మంలో ఒక అట్టపెట్టె దిగింది. కోడలు ఏదో తెప్పించుకుందట. తెచ్చినతను దాన్ని మెట్టు మీద కాస్త వాలుగా పెట్టి, ఫోనులో ఫొటో తీసుకుని, వచ్చినంత వేగంగా వెళ్ళిపోయాడు. కొత్త అట్టా జిగురూ కలిసిన వాసన వేస్తోంది. నేను అలవాటు చొప్పున వంగి, ఒక కన్ను మూసి, దాని అంచులు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడ్డాను. “ఏంటి మావయ్యగారూ, పెట్టె గానీ చిరిగిందాండి?” అంది కోడలు కంగారుగా. “లేదమ్మా, సరిగ్గానే ఉంది” అన్నాను. ఒక పెట్టె గురించి ఆ ఒక్క మాట వినడానికి నేను చిన్నప్పుడు ఏడాదిపాటు కాచుకు కూర్చున్నాను. ముందే ఒప్పేసుకుంటాను, మీరు చివర్లో కనిపెట్టి నవ్వేకంటే అదే మర్యాద: సరిగ్గా ఉన్న పెట్టెను పట్టుకుని, దిద్ది దిద్ది, చెరిపి చెరిపి, చేజేతులా తప్పు చేసుకున్న తెలివితక్కువ దద్దమ్మను నేను. బుర్ర ఖాళీ పెట్టె అని మా లెక్కల మేష్టారు ఊరికే అనలేదు.

ఇది డెబ్బైల నాటి మాట. అమలాపురానికీ రాజోలుకీ మధ్య, కాలువ పక్కన మా హైస్కూలు. కాలువకు అటు గట్టున ఊరు, ఇటు గట్టున మా పేట, మధ్య రెండు తాటిదూలాలు వేసిన వంతెన. వానాకాలంలో ఆ దూలాలు నాచుపట్టి జారేవి. పలకా పుస్తకాలూ నెత్తిన పెట్టుకుని, కాలివేళ్ళతో దూలాన్ని పట్టుకుంటూ, కింద ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతుంటే బడికి దాటేవాళ్ళం. వేసవిలో కాలువ కట్టేశాక ఆ వంతెనే అక్కర్లేదు, అడుగున మిగిలిన బురదలో కొరమేనుల కోసం కలియబెట్టుకుంటూ ఇటునుంచి అటు వెళ్ళిపోవచ్చు. నానబెట్టిన కొబ్బరిపీచు కంపు, ఎండిన నాచు వాసన, ఎవరి ఇంట్లోనో పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికే పొట్టిక్కల వాసన, ఈ మూడూ కలిస్తే మా బడి దారి.

డ్రాయింగు గది వరండా చివర ఉండేది. గురువారం చివరి రెండు పీరియడ్లు. డ్రాయింగు మేష్టారి పేరు రాయను. ఆయన మనవలూ మునిమనవలూ ఉన్నారు, చదువుకున్నవాళ్ళు. కానీ ఆయన చెయ్యి గురించి రాయకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. నల్లబల్ల మీద స్కేలు లేకుండా ఈ చివర్నుంచి ఆ చివరికి గీత గీస్తే, తర్వాత స్కేలు పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. చెవి మీద ఎర్ర పెన్సిలు, చంకలో మూడడుగుల టేకు స్కేలు, మల్లెపువ్వులాంటి పంచె. బల్లల మీద ఊరి పిల్లలు కూర్చునేవారు. వెనక కిటికీ కింద నేల మీద మేం, పేట పిల్లలం ఆరుగురం. ఎవరూ మమ్మల్ని అక్కడ కూర్చోమనలేదు, కూర్చున్నాం, అంతే. అప్పటికి మా ఊళ్ళో పైకి చెప్పనక్కర్లేని సంగతులు చాలా ఉండేవి.

బొమ్మలు దిద్దే పద్ధతీ రెండు రకాలు. బల్లల మీది పిల్లలు పుస్తకం పట్టుకుని ఆయన టేబులు దగ్గరికి వెళితే, ఆయన చెవి మీద పెన్సిలు తీసి, వాళ్ళ గీత మీద తన గీత పెట్టి, “ఇదుగో, ఇలా పోవాలి, చూశావా” అని చెయ్యిపట్టి నడిపించేవారు. మేం మా కాగితం నేలమీద పరిచి, రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళం. ఆయన మాకు ఎదురుగా, కాగితానికి అవతల వైపు వచ్చి నిలబడి, అంత ఎత్తునుంచి చూసి, స్కేలు కొసతో గాల్లోనే పెట్టెను చూపించి “తప్పు. మళ్ళీ వెయ్” అనేవారు. ఎక్కడ తప్పో చెప్పాలంటే వంగాలి, గీత మీద గీత పెట్టాలి, అంటే కాగితం ముట్టుకోవాలి. ఆయన నడుము అంత దూరం వంగేది కాదు.

ఆ ఏడు పాఠం పెట్టె. స్టూలు మీద ఒక చెక్కపెట్టె పెట్టి, దూరం పోయేకొద్దీ అంచులు దగ్గరవుతాయనీ, చివరికి ఒక చుక్కలో కలిసిపోతాయనీ చెప్పారు. “రైలు పట్టాలు చూశారా? నిలబడి చూస్తే అవి దూరంగా కలిసిపోతాయి” అన్నారు. మా సీమలో రైలు లేదు. క్లాసులో రైలు చూసినవాడు ఒక్కడే, వాడూ నిద్రలో ఎక్కి నిద్రలో దిగాడు. నేను మాత్రం చాలా ఆలోచించి, మనకి రైలు ఎందుకు రాలేదో తేల్చేశాను: గోదావరికి అవతల ఎక్కడో పట్టాలు రెండూ కలిసిపోయి ఉంటాయి, ఇంక బండి నడవడానికి చోటు లేక అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఈ పరిశోధన ఇంట్లో చెబితే నాన్న చాలాసేపు నన్ను చూసి, “నువ్వు బాగా సదూకోవాల్రా” అన్నాడు. పొగిడాడనే అనుకున్నాను.

నాన్న లంకతోటల్లో కొబ్బరికాయలు దింపేవాడు. ఎద చర్మమంతా మాను బెరడులా గీసుకుపోయి ఉండేది. నన్ను ఆ చెట్టు ఎక్కనివ్వకూడదని ఆయన పట్టుదల. మునగచెట్టు ఎక్కించేవాళ్ళు కూడా నాకు ఎవరూ లేరు కాబట్టి, మొత్తానికి నా కాళ్ళు నేలమీదే ఉండేవి. డ్రాయింగులో లోయరు, హయ్యరు అని ప్రభుత్వ పరీక్షలు రెండు ఉంటాయనీ, అవి ప్యాసై ట్రైనింగు అయితే డ్రాయింగు మేష్టరు ఉద్యోగం వస్తుందనీ చర్చిలో ఎవరో చెప్పారు. ఉద్యోగమంటే నీడలో నిలబడి చేసే పని అని మా ఇంట్లో లెక్క. లోయరు పరీక్ష కాకినాడలో. ఫారాలు మేష్టారి దగ్గరే ఉంటాయి. ఆ ఏడు అయిదు వచ్చాయి. ఎవరి పెట్టెకు ఆయన ఎర్ర పెన్సిలుతో టిక్కుపెట్టి సంతకం చేస్తే వాళ్ళకే ఫారం. అంటే నాకు కావలసింది ఒక్క టిక్కు.

అందుకని వేశాను. నాన్న కిరాణా కొట్టులో బతిమాలి ఒక దేవదారు పెట్టె తెచ్చాడు. అది వచ్చిన మర్నాడే మా కోడి అందులో పొదుగుకు కూర్చుంది, కనుక మూడు వారాలపాటు నేను వేసిన ప్రతి పెట్టెలోంచీ ఒక కోడి కోపంగా చూస్తూ ఉంటుంది. కాగితాలు వెనక నెంబర్లు వేసుకున్నాను, ఒకటి, రెండు, మూడు. వాటిని మొదట చూసే మనిషి మా నాయనమ్మ. సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని కొబ్బరిపీచు పేనుతూ, తాడు కాలిబొటనవేలికి తగిలించి, అరచేతులు రాపాడిస్తూనే నా కాగితం వైపు మెడ చాచేది.

“ఎనకాల ఇరుగ్గా ఏసేవేంట్రా పెకాశం? ముందు ఎడల్పు, ఎనక ఇరుకూ. ఈ పెట్టి సేసినోడెవడో గానీ సెక్క మిగుల్సుకున్నాడు” అంది మొదటి రోజు.

“అలాగే ఉండాలంట నాయనమ్మా. దూరంగా ఉన్నది చిన్నగా కనపడాలంట.”

“ఎవరికీ?”

“నాకు. నేనిక్కడ కూచున్నాను కదా.”

“అయితే నువ్వు కూకున్న కాడ కూకుని సూడాలన్నమాట. జరుగు” అని, తాడు వేలికి ఉండగానే దేక్కుంటూ వచ్చి నా వెనక కూర్చుని, గడ్డం నా భుజం మీద ఆనించి, నాలాగే ఒక కన్ను మూసి, పెట్టెనూ కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. ఆమె నోట్లో పొగాకు వాసన నా చెవి పక్కన వెచ్చగా తగిలింది. “ఆఁ, ఇప్పుడు బానే ఉంది. కానీ ఈ కుడేపు అంచు లేసిపోయిందిరా, మూతేస్తే ఊగుద్ది.”

నిజంగానే లేచిపోయింది. దిద్దాను. అక్షరం ముక్క రాని నాయనమ్మ అలా రోజూ నా వెనక కూర్చుని పెట్టెల్ని పరీక్ష చేసేది. “ఈ సందులోంచి కోడిపిల్ల బయటికొచ్చేస్తాది.” “దీనికి అడుగు సదునుగా లేదు, కదిపితే బోర్లా పడుద్ది.” ఆమెకు గీతలు కనబడేవి కావు, పెట్టె కనబడేది. దసరా ముందు ఒకరోజు, ముప్పై ఏడో కాగితం చూసి, చాలాసేపు వంకలు వెతికి దొరక్క, “దీన్లో బియ్యం పోసుకోవచ్చురా” అంది. ఆ గురువారం దాన్ని ఎంతో ధీమాగా నేలమీద పరిచాను. మేష్టారు ఎదురుగా వచ్చి నిలబడి, స్కేలు చాపి, “తప్పు. మళ్ళీ వెయ్” అన్నారు.

ఇక్కడే నా తెలివి పూర్తిగా వికసించింది. ఇంటికెళ్ళి ఆలోచించాను. నాయనమ్మ నేను కూర్చున్నచోట కూర్చుని చూసింది, బావుందంది. మేష్టారు అవతలి వైపు నిలబడి చూస్తారు, ఆయనకు నా పెట్టె తలకిందులుగా కనబడుతుంది కదా, మరి తప్పు కాక ఏమవుతుంది? పెద్దాయన, ఆయన ఇటు రారు. కాబట్టి పెట్టే అటు తిరగాలి. ఆ రోజునుంచీ కాగితం మీద పెట్టెను తలకిందులుగా వెయ్యడం మొదలుపెట్టాను, నాకు కాక ఆయనకు సరిగ్గా కనబడేలాగ. దీపావళి వెళ్ళింది, కార్తీకమాసం వెళ్ళింది, పీచు గుంటల మీద మంచు పొగలాగ లేస్తుండగా తెల్లవారుజాము చలిలో వేళ్ళు వంకర్లు పోతున్నా తలకిందులుగా వేస్తూనే ఉన్నాను. నాయనమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, “ఎవరి కోసంరా ఇది, గబ్బిలానికా?” అని అడిగింది.

అరవై రెండో పెట్టె బాగా కుదిరింది. గురువారం నేలమీద పరిచాను. మేష్టారు వచ్చి నిలబడ్డారు, స్కేలు చాపారు, చాపిన స్కేలు గాల్లో ఆగింది. ఆయన కనుబొమ్మలు కొంచెం పైకి లేచాయి. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, “తప్పు” అన్నారు. ‘మళ్ళీ వెయ్’ అనడం మరిచిపోయారు. ఆ ఆగిన క్షణం మీద నేను రెండు నెలలు బతికాను. ఇంకేదో చిన్న లోపం ఉంది, అది దిద్దుకుంటే టిక్కు పడిపోతుందని.

క్రిస్మస్ వచ్చింది. పేటలో ఇంటింటికీ వెదురుబద్దల నక్షత్రాలు కట్టాం. వాటికి రంగు కాగితం అతికించే పని నాదే, గీతలు తెలిసినవాణ్ణి కదా. అమ్మ అరిసెలు వండింది. ఆ మూకుట్లోనే ఇంకాస్త నూనె పోసి జంతికలూ వండి, డబ్బాలో పోసి, మూత బిగించి, “ఇయ్యి ముట్టుకోకండి, కాకినాడ పరీచ్చకి” అని అటక మీద పెట్టింది. నాయనమ్మ తన పాత చీర అంచు చింపి పెన్సిళ్ళకు ఒక సంచి కుట్టింది. నాన్న రేవు దగ్గర గోదావరి దాటించే పంటు వేళలు కనుక్కుని వచ్చాడు. టిక్కు ఒక్కటే రావలసి ఉంది.

జనవరిలో ఫారాలు ఇచ్చే గురువారం ఉదయం బుజ్జి నా దగ్గరికి వచ్చాడు. బుజ్జి బల్లల మీది పిల్లాడు. వాళ్ళ నాన్నకు ఊళ్ళో రైసుమిల్లు ఉంది. మంచివాడే, వంతెన మీద నా పుస్తకాలు పట్టుకునేవాడు.

“ఒరే, నీ దగ్గర పాత పెట్టెలుంటాయి కదా, ఒకటియ్యరా. నాకు ఎంతేసినా సందూకు రాట్లేదు, శవపేటికొస్తంది.”

“అవన్నీ తప్పులేరా.”

“తప్పైతే ఏంటి, కాగితం ఖాళీగా చూపిత్తే తంతారు.”

నవ్వుకుంటూ కట్టలోంచి ఒకటి లాగి ఇచ్చాను. ఆ సాయంత్రం బుజ్జి దాన్ని టేబులు మీద పెట్టాడు. మేష్టారు చూశారు. చేతిలోకి తీసుకున్నారు. వెలుతురుకు ఎత్తిపట్టి, క్లాసు వైపు తిప్పి, “ఇదిరా పెట్టంటే! ఆ కుడి అంచు చూడండి, ఎంత వినయంగా తగ్గిపోతోందో” అన్నారు. నేను చూశాను. వెలుతురులో కాగితం వెనకనుంచి నా అంకె కనబడుతోంది, ముప్పై ఏడు. బియ్యం పోసుకోగల పెట్టె. దసరా ముందు అదే గదిలో, అదే మనిషి తప్పన్న పెట్టె.

నేను ఎలా లేచానో నాకు తెలియదు. “అయ్యా, అది నా పెట్టండి” అన్నాను.

క్లాసంతా నవ్వింది. మేష్టారు నవ్వలేదు. “ఏం బుజ్జీ, వీడిదంటున్నాడు?”

బుజ్జి నా వైపు చూడలేదు. “ఆయ్, నాదేనండి. నిన్న సాయంత్రం ఏసేనండి.”

“వెనకాల నెంబరుంటుందండి, ముప్పై ఏడని. తిప్పి చూడండి” అన్నాను.

ఆయన తిప్పి చూశారు. ఆ అంకె మీద ఆయన కళ్ళు ఆగాయి. అది నా కాగితమేనని ఆయనకు తెలిసిపోయిందని ఇప్పటికీ నా నమ్మకం. తర్వాత, ఏమీ తొందర లేకుండా, దాన్ని మళ్ళీ బొమ్మ వైపుకు తిప్పి, ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి, కింద సంతకం చేశారు. “నెంబరేస్తే నీదైపోతుందా? కూచో” అన్నారు. నేలమీద నా ముందు ఆ వారం వేసిన కాగితం పరిచి ఉంది. ఆయన మా వైపు వచ్చి, ఆగి దానికేసి చూశారు. “తప్పు” అన్నారు.

అప్పటికిగానీ అర్థం కాలేదు నాకు, ఏడాది పాటు ఆయన నా పెట్టెను చూడనే లేదని. అందులో దిద్దుకోవలసింది ఏదీ నా చేతిలో లేదని.

బడి విడిచాక బుజ్జి వంతెన దగ్గర కాచుకుని ఉన్నాడు. “ఏవనుకోకురా, మా నాన్న చంపేస్తాడు. రేపు జీళ్ళు కొనిపెడతాను” అన్నాడు. కొనిపెట్టాడు. తిన్నాను. నా పౌరుషం అంతటిది. వాడు కాకినాడ వెళ్ళి, పరీక్ష హాల్లో మూత మాత్రం వేసి వచ్చి, తప్పాడు. మా అటక మీది జంతికలు ఆదివారం దించారు. అమ్మ అందరికీ పంచింది, ఎవరూ ఏమీ మాట్లాడకుండా నమిలాం. ఇంట్లో అంత చప్పుడు ఎప్పుడూ వినలేదు. నాన్న మర్నాడు నన్ను తనతో తోటకు రమ్మనలేదు. అదొక్కటే నాకు ఆయన చెప్పిన ధైర్యం.

పదో తరగతి అయ్యాక వేరే ఊరి హెడ్మాస్టరు ఒకాయన సంతకంతో ప్రైవేటుగా లోయరుకు కట్టాను. కాకినాడ హాల్లో, ఎవరో తెలియని పర్యవేక్షకుడు వరసలు తిరుగుతూ నా వెనక ఆగి, వంగి, నా తల పక్కన తల పెట్టి, స్టూలు మీది పెట్టెను నేను చూస్తున్నచోటునుంచే చూసి, “ఊఁ” అని ముందుకు వెళ్ళిపోయాడు. కాగితం మీద నీటిచుక్క పడితే రబ్బరుతో చెరపబోయాను, అది చెరిగేది కాదని తెలిసి కూడా. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో నాయనమ్మ లేదు. ఆ వేసవిలోనే, కాలువ కట్టేసిన రోజుల్లో పోయింది. ఆమెను ఉంచిన పెట్టె వైపు నేను చూడలేకపోయాను. మూత సరిగ్గా కూర్చుందని ఎవరో అన్నారు.

నేను డ్రాయింగు మేష్టర్నయ్యాను, కొత్తపేట వైపు బడిలో చేరి, అక్కడక్కడా తిరిగి, రిటైరయ్యాను. నా తర్వాత ఆ ఉద్యోగంలో ఎవర్నీ వెయ్యలేదు. డ్రాయింగు గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలు పెడుతున్నారు. తాడు పేనే చేతులు ఒక్కటీ మిగల్లేదు. తాటిదూలాల చోట సిమెంటు వంతెన వచ్చింది, దాని మీద ఊరివాళ్ళూ పేటవాళ్ళూ ఒకే మోటారు సైకిలు మీద కూడా పోతుంటారు. దానికి నాకు సంతోషమే. గీత మీద గీత పెట్టి చెయ్యి పట్టి నేర్పే పని మాత్రం, ఆ పని అందరికీ దక్కే రోజు వచ్చేసరికి, పనే లేకుండా పోయింది. ఇక చెప్పవలసింది ఒక్కటుంది. అది నాకు గర్వకారణం కాదు, అయినా దాచను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎనభైల చివర, ఒక సాయంత్రం మా బడి ముందు రిక్షా ఆగింది. మేష్టారు దిగారు. పంచె అదే తెలుపు, నడుము మాత్రం దానంతటదే వంగిపోయింది. పక్కన పన్నెండేళ్ళ మనవడు, చేతిలో డ్రాయింగు పుస్తకం.

“డ్రాయింగు మేష్టారంటే మీరేనాండీ?” అన్నారు.

“ఆయ్, నేనేనండి.”

నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆయన నన్ను ఎప్పుడైనా చూసి ఉండాలి కదా. “మావాడండి. మీ బళ్ళోనే చేర్చేం. లోయరుకి కట్టిద్దామని. పెట్టె దగ్గర ఎక్కడో తేడా వస్తోంది, నాకా, చూపు ఆనట్లేదు. తమరొకసారి చూసి పెట్టాలి.”

కూర్చోబెట్టాను. పుస్తకం తెరిచాను. కుడి అంచు లేచిపోయింది. మూత వేస్తే ఊగుతుంది. ఒక్క మాట నా నాలిక చివరికి వచ్చింది, పన్నెండేళ్ళుగా నోట్లో నానుతున్న మాట. కానీ ఆ పిల్లాడు నా మొహంలోకి చూస్తున్నాడు, వాడి వేళ్ళకు పెన్సిలు మసి అంటుకుని ఉంది. ఆ మాట మింగేశాను. వాడి వెనక్కి వెళ్ళి, వంగి, వాడు చూసిన చోటునుంచి చూసి, గీత మీద గీత పెట్టి చూపించాను. ఒక గీత అయ్యాక ఆగి, పెన్సిలు మొనను నోట్లో పెట్టుకుని బాగా తడిపాను. అవసరం లేదు. కావాలనే ఎంగిలి చేశాను. ఇంకో గీత గీసి, పెన్సిలు మేష్టారికి అందించి, “ఒక్క క్షణం పట్టుకోండి, రబ్బరు తెస్తాను” అన్నాను. అంతవరకే నేను అనుకున్నది. ఆయన అందుకున్నారు.

నేను బీరువా దగ్గరనుంచి తిరిగి చూసేసరికి ఆయన పుస్తకం మీదికి వంగి ఉన్నారు. చెయ్యి ఊరుకోలేదు కాబోలు, మనవడి పెట్టెకు అడుగు అంచు తానే దిద్దబోతున్నారు. ఆ తరం డ్రాయింగు మేష్టర్లందరూ గీత గీసే ముందు చేసేదే ఆయనా చేశారు: నా పెన్సిలు మొనను తన నాలిక మీద ఆనించి, తడిపి, గీత గీశారు. వయసు మీద పడినా వెంట్రుకవాసి తేడా లేని గీత.

“సరిగ్గా ఉందాండీ?” అని అడిగారు, తల ఎత్తి.

“ఉందండి” అన్నాను.